జెండా పక్కన మనిషి

నెవ్ షెడ్డులో బోర్లించిన పడవ కింద రెండు జెండాలు చూసి, చూడనట్టే బయటికి వచ్చానని పోయినవారం భాగంలో చెప్పాను. పైన ఎరుపు, కింద పసుపు. మా తీరంలో ప్రాణరక్షక దళం వాళ్ళు తప్ప ఇంకెవరూ పాతకూడని జెండాలు అవి. హార్గన్స్ బీచ్‌కి ఆ దళం ఏనాడూ రాలేదు. ఆ ఒడ్డున, సెలవులకు వచ్చేవాళ్ళు బండి ఇళ్ళలో దిగే క్యారవాన్ పార్కు నడుపుకునే నా బావమరిది నెవ్‌కి వాటితో ఏం పని? అతని అక్క, నా భార్య మెర్ల్, ఆ నీళ్ళలోనే పోయి రెండేళ్ళయింది. ఈదుతుంటే గుండె ఆగిందన్నారు. మెర్ల్ గుండె అంత తేలిగ్గా ఆగే రకం కాదు.

ఆ రాత్రంతా ఆలోచించి, ఆ జెండాలను తెల్లారగానే పోలీసుల ముందు పడేద్దామనుకున్నాను. తెల్లారింది. కానీ ఇంట్లో పంచాయితీ ఒకటి తెగలేదు. ఏ బీచ్‌కి వెళ్ళాలన్నది ఆ పంచాయితీ.

నా కూతురు నరెల్ సెలవులకు వచ్చింది. ఆరో నెల. వెంట భర్త డారెల్, ఎనిమిదేళ్ళ టిల్లీ. డారెల్ గోధుమ పొలాల మధ్య పుట్టినవాడు. అలల మీద పలక ఎక్కి నిలబడటం ఈమధ్యే నేర్చాడు. కొత్తగా మతం పుచ్చుకున్నవాడిలా పొద్దస్తమానం అదే మాట.

"మొగ దగ్గరికి వెళ్ళండి," అన్నాను. "ఏరు సముద్రంలో కలిసే చోట మేట వేసింది. మోకాలు దాటి మునగదు. పిల్ల ఆడుకుంటుంది."

"అక్కడ అలేదీ క్లెమ్?" అన్నాడు డారెల్. "అది బాతులు ఈదే చోటు. కొండకొమ్ము దగ్గర చూడండి, అల ఎంత చక్కగా లేస్తుందో."

"ఆ రాళ్ళ మీద ఈ కడుపేసుకుని నేనెక్కడ కూర్చోను?" అంది నరెల్. "నీ అల కోసం నేను కోతిలా రాళ్ళెక్కాలా?"

"నాకు చేప కావాలి," అంది టిల్లీ. "తాత నాకు గాలం కొన్నది బాతుల్ని పట్టుకోడానికి కాదు."

"విన్నారుగా," అంది నరెల్. "ఈయనకి అల కావాలి, దీనికి చేప కావాలి, నాకు కాళ్ళు తడుపుకునే చోటు కావాలి. మూడు బీచ్‌లు తిరిగితే రోజంతా కారులోనే గడుస్తుంది. నెవ్ మామయ్య పెద్దరోడ్డు మీద బోర్డు పెట్టించాడు, చూడలేదా? ఈత, అలలు, చేపలు, పిల్లాపాపలు, అన్నీ ఒక్క ఒడ్డునే అని."

"అది సముద్రం. సంత కాదు, అన్నీ ఒక్కచోట దొరకడానికి."

నరెల్ రొట్టె మీద వెన్న రాయడం ఆపింది. "అమ్మ పోయిందని నేను బతికినన్నాళ్ళూ ఆ రోడ్డెక్కకూడదా నాన్నా?"

"ఎక్కకు," అన్నాను.

నరెల్ దవడ వాళ్ళమ్మది. బిగుసుకుంటే వదలదు. టిల్లీ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. డారెల్ పైకప్పు చూశాడు. కాసేపటికి నరెల్ దవడ వదులైంది.

"సరే. మొగ దగ్గరికే వెళ్తాం. నువ్వు ఊరికే అరవకు," అంది.

నమ్మాను. నా కడుపున పుట్టింది అబద్ధమాడదనుకున్నాను. వాళ్ళు పంది మాంసం పెట్టిన రొట్టెలు, పుచ్చకాయ ముక్కలు ఐస్ పెట్టెలో సర్దుకున్నారు. టిల్లీ ముక్కుకు తెల్లటి క్రీము పూసుకొని, పసుపు టోపీ పెట్టుకొని, గాలం కర్ర తనే మోసుకుంటూ కారెక్కింది. కిటికీలోంచి తల బయటపెట్టి, "పెద్ద చేప పడితే నీకు తల ఇస్తా తాతా," అని అరిచింది.

కప్పులు కడిగి బోర్లించాను. ఆ తర్వాత నెవ్ పార్కుకి వెళ్ళాను.

* * *

షెడ్డు తలుపు తీసే ఉంది. లోపలికి వెళ్ళి పడవ అంచు ఎత్తాను. కింద ఏమీ లేదు. నిన్న జెండాలు పడుకున్న చోట మట్టి మీద రెండు గీతలు ఉన్నాయి.

"పొద్దున్నే దొంగతనానికి వచ్చావా క్లెమ్?"

నెవ్ గుమ్మంలో ఉన్నాడు. చేతిలో టీ కప్పు. భారీ మనిషి, గుమ్మం నిండిపోయింది. ఎండాకాలంలో కూడా కాళ్ళకు బూట్లే. మెర్ల్ పోయిన రోజు నుంచి అతను ఉత్తకాళ్ళతో ఇసుక తొక్కగా ఎవరూ చూడలేదు. దుఃఖమనుకున్నారు ఊళ్ళో. అక్క కోసం సముద్రంతో అలిగాడన్నారు.

"జెండాలేవి?" అన్నాను.

"ఏ జెండాలు?"

"నెవ్."

అతను కప్పును పనిబల్ల మీద పెట్టాడు. టీ ఒలికింది. తుడవలేదు.

"ఒడ్డున ఉన్నాయి," అన్నాడు.

"దళం వాళ్ళు వచ్చారా?"

"వాళ్ళెందుకొస్తారు? ఎన్నిసార్లు కాళ్ళా వేళ్ళా పడ్డాను! పక్కనున్న బెరాంగ బీచ్‌కి వెళ్తారు, ఇక్కడికి రారు. జెండా లేని బీచ్‌లో ఎవడు దిగుతాడు చెప్పు? కార్లు వస్తాయి. తల్లులు దిగుతారు. ఇటు చూస్తారు, అటు చూస్తారు. జెండా లేదే అనుకుంటారు. పిల్లల్ని మళ్ళీ ఎక్కించుకొని బెరాంగ పోతారు. నా కళ్ళముందే. ప్రతి సెలవులకీ ఇదే నాటకం."

"అందుకని నువ్వే పాతావు."

"చూసే పాతాను. పొద్దున్నే పోటు నిండుగా ఉన్నప్పుడు వెళ్ళి, నీళ్ళు సమంగా ఉన్న చోటే పాతాను. నేనూ ఈ ఒడ్డునే పుట్టాను, నువ్వు ఒక్కడివే కాదు."

"పక్కన ఎవరున్నారు?"

అతను ఒలికిన టీ వైపు చూశాడు.

"జెండా పక్కన ఎవరున్నారు నెవ్?"

"నేనే... మధ్యమధ్యలో వెళ్ళి చూసొస్తుంటాను."

మా దగ్గర పిల్లలకు అక్షరాల కంటే ముందు జెండాలు నేర్పుతారు. రెండు జెండాల మధ్యే ఈదు, అవతలికి వెళ్ళకు. అంతే పాఠం. జెండా ఉందంటే పక్కన ఒక మనిషి ఉన్నట్టు. ఆ మనిషి రోజంతా నీళ్ళనే చూస్తుంటాడు. పోటు తీసినా, మేట కదిలినా, లోపలికి లాగే నీరు దారి మార్చుకున్నా జెండా పీకి ఇంకోచోట పాతుతాడు. పొద్దున పాతిన చోట మధ్యాహ్నం దాకా ఉంచరు. జెండాదేముంది, గుడ్డముక్క. కాపాడేది ఆ మనిషి కళ్ళు. నెవ్ గుడ్డముక్కలు పాతి, కళ్ళు ఇంటికి తెచ్చుకున్నాడు.

"మెర్ల్ పోయిన రోజు కూడా పాతావా?" అన్నాను.

ఆ మాట అడగడానికి ఒక్క రాత్రి చాలింది నాకు. జవాబు దాచడానికి అతనికి రెండేళ్ళు సరిపోలేదు. ముఖం తెల్లబడింది. ఏదైనా ఆసరా దొరుకుతుందేమోనని చెయ్యి గోడ వెంబడి వెతికింది.

"భోజనానికి వచ్చాను, అంతే," అన్నాడు. "తిరిగి వెళ్ళేసరికి అక్క నీళ్ళలో ఉంది. ఎవరో పిల్లలిద్దరు, ఊరివాళ్ళు కాదు. జెండాల మధ్యలోంచే సముద్రం వాళ్ళని లాక్కుపోయింది. అక్క వాళ్ళిద్దరినీ మేట మీదకి తోసింది. వాళ్ళు నడుచుకుంటూ బయటికొచ్చారు. అక్క రాలేదు."

"ఆ పిల్లల తల్లిదండ్రులు?"

"బెదిరిపోయారు. పిల్లల్ని కారులో వేసుకొని వెళ్ళిపోయారు. పేరు కూడా అడగలేదు నేను."

"నువ్వేం చేశావు?"

"ఏం చేయగలను? నా ఒళ్ళు చూశావుగా, నేను ఈదితే నన్ను తీయడానికి ఇంకొకడు రావాలి. ఒడ్డున నిలబడ్డాను. పిలిచాను. ఆఖరిదాకా చూశాను క్లెమ్. ఒక్క క్షణం కళ్ళు తిప్పలేదు. అమ్మ మీద ఒట్టు."

"జెండాలు?"

"తర్వాత తీశాను. అంతా అయిపోయాక."

గోడకు తెడ్డు ఆనించి ఉంది. నేను దాని వైపు చూశాను. నెవ్ కూడా చూశాడు. ఇద్దరం కదల్లేదు.

మెర్ల్ గుండె ఆగలేదు. ఎవరి పిల్లలనో బయటికి తోసి, చేతులు సత్తువ చచ్చి, మునిగింది. ఆమె శవపేటిక ముందు ఇతను అందరికంటే గట్టిగా ఏడ్చాడు. నా భుజం పట్టుకొని ఏడ్చాడు. నేను ఓదార్చాను.

"అంత మోసం చేశాక మళ్ళీ పాతడానికి చేతులెలా వచ్చాయి?"

"ఈసారి జాగ్రత్తగానే ఉన్నాను. నీళ్ళు కుండలో పోసినట్టున్నాయి ఇవాళ. నీ పిల్లలే చెప్తారు, వెళ్ళి అడుగు." అతని గొంతులోకి కాస్త ధైర్యం వచ్చింది. నన్ను చల్లార్చే మాట దొరికిందనుకున్నాడు. "ఇందాకే కారు దిగుతూ నరెల్ నాకు చెయ్యూపింది. జెండాలు చూసి ఎంత మురిసిపోయిందో! మామయ్యా, ఎట్టకేలకు దళం వచ్చిందా, అంది. నేను అవునన్నాను."

వాళ్ళు మొగ దగ్గర లేరు.

బయట పోటు తీస్తోంది. షెడ్డులోకి వస్తూ నేనే చూశాను. పడవలు కట్టే గుంజల మీద తడి గుర్తు చాలా పైన ఉంది, నీళ్ళు చాలా కింద ఉన్నాయి.

* * *

పార్కుకీ సముద్రానికీ మధ్య ఒక ఇసుక దిబ్బ ఉంది. దాని మీదికి చెక్క మెట్లున్నాయి. మోకాళ్ళు చెడిపోయాక నేను ఆ మెట్లెక్కడం మానేశాను. ఆ రోజు ఎక్కాను. ఎలా ఎక్కానో గుర్తులేదు. వెనక నెవ్ బూట్ల చప్పుడు గుర్తుంది.

"మోకాళ్ళ లోతేనయ్యా! ఎందుకంత కంగారు? క్లెమ్! ఆగు, పడతావు!"

దిబ్బ మీద నిలబడి చూశాను.

కుడివైపు అలలు తెల్లగా విరుగుతున్నాయి. ఎడమవైపు తెల్లగా విరుగుతున్నాయి. నడుమ, రెండు జెండాల మధ్య, అల విరగడం లేదు. నీళ్ళు ముదురు రంగులో, ఇస్త్రీ చేసినట్టు నున్నగా ఉన్నాయి. చూసేవాడికి అంతకంటే మంచి చోటు దొరకదు. తెల్లగా విరిగే చోట కింద మేట ఉంటుంది, కాలు ఆనుతుంది. నల్లగా, నున్నగా ఉన్న చోటే కాలువ ఉంటుంది. ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ అందులోంచే వెనక్కి వెళ్తాయి. మేం దాన్ని లాగుడు అంటాం. పొద్దున పోటులో అది కనపడి ఉండదు. ఇప్పుడు జెండాలు సరిగ్గా దాని గుమ్మానికి రెండు పక్కలా ద్వారపాలకుల్లా నిలబడ్డాయి.

ఆ నల్లని నీటి మీద నురగ తేలుతోంది. అన్నిచోట్లా నురగ ఒడ్డుకి వస్తుంది. అక్కడ సముద్రంలోకి వెళ్తోంది.

గొడుగు కింద మడత కుర్చీలో నరెల్ కూర్చుంది. పక్కన ఐస్ పెట్టె. ఇసుకలో గుచ్చిన గొట్టంలో టిల్లీ గాలం కర్ర నిలబెట్టి ఉంది. దాని తీగ పక్కకి వాలలేదు. తిన్నగా లోపలికి బిగిసి ఉంది. బరువుకి కట్టిన సీసం గుండు కూడా నేల పట్టడం లేదు, నీళ్ళు లాగుతున్నాయి.

డారెల్ ఎక్కడా లేడు. దూరంగా కొండకొమ్ము రాళ్ళ అవతల ఒక పలక కొస కనపడి మాయమైంది. పెళ్ళాం, పిల్ల జెండాల మధ్య భద్రంగా ఉన్నారని అలను వెతుక్కుంటూ పోయాడు.

టిల్లీ నీళ్ళలో ఉంది. మోకాళ్ళ లోతులో. పసుపు టోపీ. వంగి నీళ్ళలో ఏదో వెతుకుతోంది.

"బయటికి రా!" అని అరిచాను. "టిల్లీ! బయటికి!"

గాలి సముద్రం మీది నుంచి వస్తోంది. నా కేక నా నోట్లోకే తిరిగొచ్చింది. రెండు చేతులూ ఎత్తి ఊపాను. నరెల్ నన్ను చూసింది. తనూ చెయ్యెత్తి ఊపింది.

నేను దిబ్బ దిగాను. దిగానో దొర్లానో. నోట్లో ఇసుక. లేచాను.

దగ్గరికి వచ్చేసరికి నరెల్ కుర్చీలోంచి లేచి నాకు ఎదురొచ్చింది. కోపంగా ఉంది. తప్పు చేసి దొరికినప్పుడు చిన్నప్పటి నుంచీ ముందు తనే కోప్పడుతుంది.

"అరవకు నాన్నా. అవును, అబద్ధం చెప్పాను. కానీ చూడు, జెండాలున్నాయి! అమ్మ పోయాకయినా ఒకరికి బుద్ధి వచ్చింది. దీని కోసం కూడా నువ్వు..."

"పిల్లని బయటికి పిలు. నల్లనీళ్ళు కనపడట్లేదా నీకు?"

"కనపడ్డాయి. నేనూ ఈ ఊరిపిల్లనే. ఒక్క క్షణం అనుమానం వచ్చింది కూడా. కానీ జెండా ఉందిగా! మనకంటే వాళ్ళకి తెలుసుగా!"

"మనిషేడీ?"

"టీకి వెళ్ళుంటాడు."

"మనిషి లేడు నరెల్. ఎప్పుడూ లేడు. అవి మీ మామయ్య పాతాడు."

ఆమె నన్ను చూసింది. తర్వాత నా వెనక ఒగురుస్తూ వస్తున్న నెవ్‌ని చూసింది. అంతే. అంతసేపే. ఇద్దరం నీళ్ళ నుంచి కళ్ళు తిప్పినది అంతసేపే.

మళ్ళీ చూసేసరికి టిల్లీ నిలబడిన చోట నీళ్ళున్నాయి. టిల్లీ లేదు.

నరెల్ గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. మనిషి చేసే శబ్దంలా లేదు.

తర్వాత టోపీ కనపడింది. నేను వెతికిన చోట కాదు, చాలా లోపల. విరిగే అలల వరస దాకా పోయింది అప్పటికే. టోపీ పక్కన ఒక చెయ్యి నిలువుగా లేచి ఉంది. పిల్ల కేకలు పెట్టడం లేదు, కొట్టుకోవడం లేదు. బడిలో నేర్పినట్టే చేస్తోంది. లాగుడులో పడితే దానితో పోట్లాడకు, వెల్లకిలా తేలు, ఒక చెయ్యెత్తు, జెండా దగ్గర ఉండే మనిషి చూస్తాడు, వస్తాడు. పాఠం తు.చ. తప్పలేదు. ఆ మనిషి కోసం ఎదురుచూస్తోంది.

నరెల్ నన్ను తోసేసి పరిగెత్తింది. నీళ్ళ అంచు దగ్గర వెనక నుంచి పట్టుకున్నాను. ఆమె పొట్ట చుట్టూ నా చేతులు. లోపల బిడ్డ తన్నింది, నాకు తెలిసింది.

"వదులు! వదులు నాన్నా! నా బిడ్డ!"

"నువ్వు దిగితే ముగ్గురు పోతారు."

నా చెయ్యి కొరికింది. నెత్తురు వచ్చింది. వదల్లేదు.

లాగుడు ఎంత లోపలికి పోయినా ఎక్కడో ఒకచోట సత్తువ చచ్చి, ఏదో ఒక పక్క మేట మీద వదులుతుంది. ఏ పక్కన అన్నది తెలియాలి. తప్పు పక్కకి ఈదితే నా వయసువాడికి మళ్ళీ రెండో పక్కకి వచ్చే ఓపిక మిగలదు. ఈ కాలువ తిరిగే పక్క చూసిన మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు.

"నెవ్!" అన్నాను. "మెర్ల్ ఆ పిల్లల్ని ఏ మేట మీదకి తోసింది? ఉత్తరమా, దక్షిణమా?"

నరెల్ పెనుగులాట ఆగింది. "అమ్మా? ఏ పిల్లలు?"

నెవ్ జెండాల వైపు చూశాడు.

"ఏ పక్క నుంచి నడిచొచ్చారు వాళ్ళు? చెప్పు! కళ్ళు తిప్పలేదన్నావుగా!"

"నాకు తెలీదు."

"ఆఖరిదాకా చూశానన్నావు! ఒట్టు పెట్టావు!"

"చూడలేదు క్లెమ్." గొంతు చిన్నపిల్లాడిదిలా అయింది. "నేను చూడలేదు. అప్పుడు జెండాలు పీకుతున్నాను."

అల ఒకటి వచ్చి మా ముగ్గురి పాదాల మీదుగా వెళ్ళింది. తిరిగి పోతూ కాళ్ళ కింద ఇసుక తోడుకుపోయింది.

మెర్ల్ మునుగుతోంది. ఎవరైనా చూస్తున్నారేమోనని ఒడ్డు వైపు చూసే ఉంటుంది. తమ్ముడు కనపడే ఉంటాడు. వంగి, వీపు అటు తిప్పి, పాతిన గుంజ ఊపుతూ.

నరెల్ అతన్ని చూసిన చూపు నేను ఇంకొకసారి చూడదలచుకోలేదు. నేను చేతులు వదిలాను.

"కొండకొమ్ముకి పో," అన్నాను. "రాళ్ళెక్కి డారెల్‌ని పిలు. పలక కావాలి. పిల్ల దగ్గరికి త్వరగా చేరేది వాడొక్కడే."

పొట్ట రెండు చేతులా పట్టుకొని పరిగెత్తింది. పొద్దున ఆ రాళ్ళే ఎక్కనంది.

నేను ఐస్ పెట్టె బోర్లించాను. పుచ్చకాయ ముక్కలు ఇసుకలో దొర్లాయి. మూత బిగించాను. అది మునగదు. మా తీరంలో దాన్ని కావలించుకుని బతికినవాళ్ళున్నారు. చొక్కా విప్పాను. విప్పి నెవ్ ఎదురుగా నిలబడ్డాను.

"చెయ్యెత్తు," అన్నాను.

"క్లెమ్, నేను..."

"చెయ్యెత్తు. ఆ టోపీని చూపించు. నీళ్ళలో దిగాక నాకు అల తప్ప ఇంకేమీ కనపడదు. నీకు కనపడుతుంది. నేను వెనక్కి చూసినప్పుడల్లా నీ వేలు ఆ పిల్ల మీద ఉండాలి. రెప్ప వేయకు. కదలకు. ఎవరొచ్చినా, ఎవరు పిలిచినా కదలకు."

అతను జెండా పక్కన నిలబడి చెయ్యెత్తాడు. వేలు టోపీ వైపే ఉంది. రెండేళ్ళు ఆలస్యంగా ఆ జెండా పక్కకి ఒక మనిషి వచ్చాడు.

నేను దిగాను.

మోకాళ్ళ దాకా చల్లగా ఉంది. తొడల దాకా వచ్చేసరికి కాళ్ళ కింద ఇసుక నడవడం మొదలుపెట్టింది. ఇంకొక అడుగు వేద్దామనుకున్నాను. వేయడానికి నేల లేదు. పెట్టెను రొమ్ము కింద పెట్టుకొని కాళ్ళాడించాను. ఆడించనక్కర్లేదు. నది తీసుకుపోయినట్టు తీసుకుపోతోంది. ఇదే దారిలో మెర్ల్ వెళ్ళింది. ఆమె భయపడలేదేమో. నాకు పళ్ళు కొట్టుకుంటున్నాయి, నీళ్ళు అంత చల్లగా లేవు.

"టిల్లీ!" అని పిలిచాను. ఉప్పునీళ్ళు గొంతులోకి పోయాయి.

పెద్ద అల ఒకటి నన్ను పైకెత్తింది. పైన ఉన్నంతసేపూ ముందుకి చూశాను. టోపీ లేదు. వెనక్కి చూశాను. నెవ్ చెయ్యి ఎత్తే ఉంది. ఉత్తరం వైపు చూపిస్తోంది. పెట్టెను అటు తిప్పి ఈదాను.

పల్లంలోకి జారాను. చుట్టూ నీటి గోడలు. అలల హోరులో ఎక్కడో సన్నగా, "తాతా" అని వినపడింది. ఎటు నుంచో తెలియలేదు.

రెండో అల ఎత్తింది. వెనక్కి చూశాను.

ఒడ్డున రెండు జెండాలున్నాయి. నెవ్ లేడు.

అతను నిలబడిన చోట ఇసుక మీద నల్లగా ఏదో ఉంది. అవి విప్పి పడేసిన బూట్లో, ఆ బూట్లతోనే పారిపోయిన మనిషి అడుగులో పోల్చుకునేలోపే అల నన్ను కిందికి దించింది.